రెండో కోరస్ దగ్గర

అందరికీ నమస్కారం. ముందు ఈ మైకును కాస్త వెనక్కి జరపనివ్వండి. స్పీకర్‌కి ఎదురుగా మైకు పెడితే ఏమవుతుందో బాగా అనుభవించినవాణ్ణి. స్పీకర్లో వచ్చింది మైకు వింటుంది, విన్నదాన్ని మళ్ళీ స్పీకర్‌కే పంపుతుంది. ఆ తిరుగుడులో ఏదో ఒక స్వరం ఉబ్బి ఉబ్బి కీచుమంటుంది. నా జీవితంలో జనం ఒక్కసారిగా చెవులు మూసుకున్న సందర్భాల్లో సగం దీనివల్లే. మిగతా సగం మా పాటల వల్ల. (నవ్వులు)

చెవుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఇప్పుడు ఈ హాల్లో మీకెవరికీ వినపడని శబ్దం ఒకటి నాకు వినపడుతోంది. కుడి చెవిలో, సన్నగా, ఆగకుండా. పాత డబ్బా టీవీ ఆన్ చేస్తే గదిలో ఒక కూత ఉండేది చూడండి, దాదాపు అలాగే. కుడి చెవిలోనే ఎందుకంటే, నేను ఎప్పుడూ డ్రమ్మర్‌కి ఎడమ పక్కన, కాస్త ముందుకు నిలబడేవాణ్ణి. అతని హై హ్యాట్, ఒక క్రాష్ సింబల్, అంటే డ్రమ్స్ పక్కన ఉండే కంచు తాళాలు, సరిగ్గా నా కుడి చెవి ఎత్తులో ఉండేవి. పంతొమ్మిదేళ్ళు అక్కడే నిలబడ్డాను. ముగ్గురు డ్రమ్మర్లు మారారు, నా చోటు మారలేదు.

నన్ను ఇందాక రాక్ సంగీతకారుడు అని పరిచయం చేశారు. ఆ మాటకి వెనక వరుసలో మా ఇంట్లోవాళ్ళు నవ్వడం ఇక్కణ్ణుంచి కనిపించింది. మూడు బ్యాండ్లలో బేస్ గిటార్, అంటే మంద్ర స్వరాల గిటార్, వాయించాను, అంతే. పొట్ట పోసుకున్నది వేరే ఉద్యోగంతో. ఆ బ్యాండ్ల పేర్లు ఇక్కడ చెప్పను. రహస్యమేమీ కాదు, పదిహేడేళ్ళ కుర్రాళ్ళు పెట్టుకున్న పేర్లు యాభై దాటినవాడి నోట బాగుండవు.

ఇలాంటి సభల్లో అందరూ స్టేజీ గురించి చెప్తారు. మొన్న ఈ ప్రసంగం కోసం కూర్చుని లెక్కేశాను. బాగా ఆడిన ఏడాదిలో కూడా మేం స్టేజీ మీద ఉన్నది మొత్తం పది పన్నెండు గంటలు. జామ్ రూములో, అంటే మేం సాధన చేసే గదిలో, వారానికి రెండు సాయంత్రాలు, మూడేసి గంటలు, అంటే ఏడాదికి మూడొందల గంటలు. సామాన్లు మోసిన గంటలు లెక్కకి అందలేదు. అందుకని గది గురించి ఎక్కువ, స్టేజీ గురించి తక్కువ మాట్లాడతాను. మా మొదటి డ్రమ్మర్ గురించి కూడా ఒక సంగతి ఉంది. దానికి మెల్లగా వస్తాను.

ముందు, నేను బేస్‌కి ఎలా వచ్చానో చెప్పాలి. బేస్ వాయించాలని కలలు కని బ్యాండ్‌లో చేరినవాళ్ళు తక్కువ. మా బ్యాండ్‌లో మొదట ఇద్దరు గిటారిస్టులం ఉండేవాళ్ళం. ఇద్దరిలో ఎవరు తక్కువగా వాయిస్తారో వాళ్ళకి బేస్ అని ఎవరూ పైకి అనలేదు గానీ, రెండో నెలకల్లా బేస్ నా చేతిలో ఉంది. పెద్దవాళ్ళ కథలు కూడా ఇలాగే ఉంటాయని తర్వాత తెలిసి కొంచెం ఊరట కలిగింది. బీటిల్స్ 1960లో హాంబర్గ్ వెళ్ళినప్పుడు వాళ్ళ బేసిస్ట్ స్టువర్ట్ సట్‌క్లిఫ్. అతనికి అసలు ప్రాణం చిత్రలేఖనం మీద. 1961లో బొమ్మలు వేసుకోవడానికి బ్యాండ్ వదిలేశాడు. మిగిలినవాళ్ళలో ఎవరో ఒకరు తీసుకోవాలి కాబట్టి పాల్ మెకార్ట్నీ తీసుకున్నాడు. ఆ తర్వాత అతను ఏమయ్యాడో మీకు తెలుసు, నేనేమయ్యానో చూస్తున్నారు.

అసలు బేస్ గిటార్ అనేది మోయడానికి వీలుగా పుట్టిన వాయిద్యం. అంతకుముందు మనిషంత ఎత్తు డబుల్ బేస్ ఉండేది. దాని మెడ మీద ఫ్రెట్లు, అంటే స్వరాల చోట్లు చూపే అడ్డ కమ్మీలు, ఉండవు, వేలు ఒక్క పిసరు జారినా శ్రుతి తప్పుతుంది. లియో ఫెండర్ 1951లో ఫ్రెట్లు పెట్టి, గిటార్‌లా మెడలో వేసుకునేలా ఎలక్ట్రిక్ బేస్ తెచ్చాడు. ఫ్రెట్ల వల్ల స్వరం కచ్చితంగా పడుతుంది కాబట్టి దానికి 'ప్రెసిషన్' అని పేరు పెట్టాడు. తమాషా ఏమిటంటే ఆయనకి గిటార్ వాయించడం రాదు. రేడియోలు బాగుచేసే మనిషి. వాయించడం రాని మనిషి చేసిన వాయిద్యం, వాయించడం అంతగా రాని మా బోటివాళ్ళకి అన్నం పెట్టకపోయినా చోటు పెట్టింది.

ఇక గది.

ప్రతి బ్యాండ్ మొదట చేసే పని ఒకటి ఉంది. గది గోడల నిండా గుడ్ల అట్టలు అంటించడం. శబ్దం బయటికి వెళ్ళదని ఎవరో చెప్తారు, అందరూ నమ్ముతారు. మేమూ నమ్మాం. ఒక ఆదివారమంతా జిగురు పూసి అంటించాం. సాయంత్రం వాయించడం మొదలెట్టిన పావుగంటకి పక్కింటాయన వచ్చాడు. అప్పుడు తెలిసింది. గుడ్ల అట్ట గదిలోపలి గలగలని కొంచెం తగ్గిస్తుందేమో గానీ, శబ్దాన్ని బయటికి పోకుండా ఆపాలంటే బరువు కావాలి. మందపాటి గోడ కావాలి, సందుల్లేని తలుపు కావాలి. పైగా ఇంట్లోంచి ఎక్కువగా బయటికి పోయేది గిటారో గొంతో కాదు, బేస్. అంటే నేను. మిగతా ముగ్గురూ నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ గదిలో ఇంకో వింత ఉండేది. నా బేస్ నాకే వినపడేది కాదు. అందుకని యాంప్, అంటే శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె, పెంచేవాణ్ణి. మూలన కూర్చున్న మా గాయని మాత్రం గుండెలు అదిరిపోతున్నాయి, తగ్గించమని అరిచేది. చాలాకాలం ఆమె అతి చేస్తోందనుకున్నాను. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మోగితే సెకనుకి 41 కంపనాలు. గాలిలో ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. భాగించండి, ఒక్కో అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. మా గది ఆ పొడవులో సగం కూడా లేదు. అంత పెద్ద అల అంత చిన్న గదిలో గోడకీ గోడకీ కొట్టుకుంటే, కొన్ని చోట్ల స్వరం రెట్టింపవుతుంది, కొన్ని చోట్ల దాదాపు మాయమవుతుంది. మూలల్లో ఎక్కువగా పోగుపడుతుంది. నేను నిలబడ్డ చోటు మాయమయ్యే చోటు, ఆమె కూర్చున్నది పోగుపడే చోటు. ఇద్దరం నిజమే చెప్తున్నాం. రెండడుగులు పక్కకి జరిగి ఉంటే సరిపోయేది. జరగలేదు, మూడేళ్ళు పోట్లాడుకున్నాం.

నేను పెంచితే గిటారిస్టు ఊరుకుంటాడా? అతనూ పెంచుతాడు. గిటార్ పెరిగితే డ్రమ్మర్ గట్టిగా కొడతాడు. డ్రమ్స్‌కి వాల్యూమ్ బటన్ ఉండదు కదా, చేతులే వాల్యూమ్. అప్పుడు నాకు మళ్ళీ నా బేస్ వినపడదు. ఎవరి డప్పు వాళ్ళు కొట్టుకోవడం అంటే అక్షరాలా అదే. పాట మొదట్లో మాట్లాడుకునేంత శబ్దంతో మొదలయ్యేది, గంట గడిచేసరికి కిటికీ అద్దాలు వణికేవి.

అందులో ఇంకో మాయ ఉంది, దీని గురించి ఎవరూ ముందే హెచ్చరించరు. శబ్దం పెంచితే నిజంగానే బాగా వాయిస్తున్నట్టు అనిపిస్తుంది. ఊరికే అనిపించడం కాదు, దానికి కారణముంది. ఫ్లెచర్, మన్సన్ అని బెల్ ల్యాబ్స్‌లో ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. తక్కువ శబ్దంలో మన చెవికి మంద్ర స్వరాలు సరిగ్గా అందవు, శబ్దం పెరిగేకొద్దీ అవి నిండుగా అందుతాయి. అదే వాయింపు, అదే తప్పులు, శబ్దం పెంచగానే నిండుగా, గంభీరంగా తోస్తుంది. అందుకే అందరం పెంచుతాం. ఇంటికెళ్ళి టేపులో చిన్నగా పెట్టుకుని వింటే గుండె జారిపోతుంది. మా మొదటి బ్యాండ్‌ని బాగుచేసింది గురువు కాదు, అభ్యాసమూ కాదు. ఒకరోజు మా గిటారిస్టు యాంప్ పాడైపోతే, అందరం సన్నగా వాయించాల్సి వచ్చింది. ఆ సాయంత్రం మొదటిసారి మా గాయని పాడుతున్న మాటలు విన్నాను. ఏడాదిన్నరగా పాడుతోంది, చరణంలో మాటలేమిటో నాకు తెలియదు.

ఆ యాంప్ ఎలా పాడైందో చెప్పకపోతే కథ పూర్తికాదు. కింక్స్ బ్యాండ్ గిటారిస్టు డేవ్ డేవిస్ 1964లో ఒక పని చేశాడు. తన చిన్న యాంప్‌లోని స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోశాడు. చిరిగిన కాగితం గరగరమని కొట్టుకుని, గిటార్ స్వరం గరుకుగా, కోపంగా వచ్చింది. ఆ శబ్దంతో చేసిన పాట బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఈ ముక్క మా గిటారిస్టు ఎక్కడో చదివాడు. అలాంటి గరుకు శబ్దమిచ్చే డిస్టార్షన్ పెడల్స్ అప్పటికి బోలెడు దొరుకుతున్నాయి, ఒకటి కొనుక్కుంటే పోయేది. అతనికి అసలు సిసలు పద్ధతే కావాలి. బ్లేడు తీసుకుని కోశాడు. మొదటి పది నిమిషాలు అద్భుతంగా ఉంది, అబద్ధం చెప్పను. తర్వాత ఆ చిరుగు తనంతట తానే పెరగడం మొదలెట్టింది. రెండో వారానికి తడిసిన గోనెసంచి దులిపినట్టు ఉంది. అన్నట్టు, ఆ యాంప్ అతనిది కాదు, అరువు తెచ్చింది. (నవ్వులు)

స్టేజీ సంగతులు త్వరగా చెప్పేస్తాను. చిన్న బ్యాండ్‌కి స్టేజీ అంటే ముఖ్యంగా ఎదురుచూడటం. మధ్యాహ్నమే రమ్మంటారు. పెద్ద బ్యాండ్ సౌండ్ చెక్ సాయంత్రం దాకా సాగుతుంది, మనకి మిగిలేది ఐదు నిమిషాలు, అదీ జనం లోపలికి వస్తుండగా. ఒకచోట అయితే టిక్కెట్ల కట్ట మా చేతికే ఇచ్చి, ఇన్ని అమ్మితేనే వాయించనిస్తామన్నారు. అమ్మలేకపోయినవి మేమే కొనుక్కున్నాం. మా ప్రోగ్రాంకి మేమే టిక్కెట్లు కొని, వెనక తలుపులోంచి వెళ్ళాం.

డ్రమ్మర్ కింద తివాచీ ఎందుకు వేస్తారో తెలుసా? అందానికి కాదు. కిక్ డ్రమ్‌ని పాదంతో తన్నేకొద్దీ అది ముందుకి జారిపోతుంది. తివాచీ మర్చిపోయిన రోజు మా డ్రమ్మర్ పాట పాటకీ అడుగడుగు ముందుకొచ్చి, ఆఖరికి గాయని వెనక చేరాడు.

స్టేజీ పెద్దదైతే ఇంకో ఇబ్బంది. డ్రమ్మర్‌కి నాకు పది మీటర్ల దూరముంటే అతని దెబ్బ నా దాకా రావడానికి సెకనులో దాదాపు 3 శాతం పడుతుంది. వినడానికి చాలా తక్కువ. కానీ ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగుతూ వాయిస్తే పాట నీరసపడిపోతుంది. చిన్న గదిలో భుజం భుజం రాసుకుంటూ వాయించడం అలవాటైన మాలాంటివాళ్ళకి పెద్ద స్టేజీ దొరికిన రోజే అన్నిటికన్నా చెత్తగా వాయించిన రోజు.

ఒక రాత్రి సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. నా బేస్ లోపల ఒక 9 వోల్ట్ బ్యాటరీ ఉండేది. కేబుల్ గుచ్చితే చాలు అది ఖర్చవుతుంది, దానికి వేరే స్విచ్ ఉండదు. ముందురోజు రాత్రి కేబుల్ తీయడం మర్చిపోయాను. మర్నాడు స్టేజీ మీద మూడో పాటలో స్వరం పలచబడింది, తర్వాత గరగరలాడింది, తర్వాత ఏమీ లేదు. నేను మాత్రం వేళ్ళు కదుపుతూనే ఉన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను, రెండు పాటల దాకా జనంలో ఒక్కరికీ తెలియలేదు. గిటారిస్టుకీ తెలియలేదు. డ్రమ్మర్ మాత్రం స్వరం పోయిన క్షణంలోనే తల తిప్పి నా వైపు చూశాడు. ఆ హాలంతటిలో నా బేస్ వింటున్నవాడు అతనొక్కడే. దాని అర్థం నాకు అప్పుడు బుర్రకెక్కలేదు.

ఇప్పుడు ఆ సంగతికి వస్తాను.

మేం ఎక్కువగా కవర్స్, అంటే వేరేవాళ్ళ పాటలు, వాయించేవాళ్ళం. జనానికి తెలిసిన పాటలు వాయిస్తేనే మళ్ళీ పిలుస్తారు. మా సొంతవి ఎనిమిదో తొమ్మిదో ఉండేవి, అవి వాయించినప్పుడు జనం పలకరింపుల్లో పడేవారు. ఒక్క పాట మాత్రం నిలబడింది. మూడే స్వర గుచ్ఛాల, అంటే మూడు కార్డ్‌ల, పాట, అందులో గొప్పేమీ లేదు, కానీ కోరస్, అంటే పల్లవిలా మళ్ళీ మళ్ళీ వచ్చే భాగం, వచ్చేసరికి ఎందుకో జనం చేతులు పైకి లేచేవి. మాకు పేరంటూ ఏదైనా ఉంటే ఆ పాట వల్లే.

ఆ పాటకి ఒక జబ్బు. రెండో కోరస్ దగ్గర వేగం పెరిగేది. ప్రతిసారీ, సరిగ్గా అక్కడే. నిమిషానికి 118 బీట్లతో మొదలైన పాట ఆ మలుపు తిరిగేసరికి 126, 127 అయ్యేది. గాయనికి ఊపిరి అందేది కాదు. ఇలాంటప్పుడు ఏ బ్యాండ్‌లోనైనా తప్పు ఎవరిది? డ్రమ్మర్‌ది. వేగం కాపాడటం అతని పని. మేం ముగ్గురం ఏకగ్రీవంగా తేల్చాం. అతను మొదట్లో కాదన్నాడు. తర్వాత సరే చూసుకుంటానన్నాడు. తర్వాత ఏమీ అనడం మానేశాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత చిన్నప్పటి నుంచీ తెలిసినదే. అది మా గదిలోనే జరుగుతోందని మాత్రం తట్టలేదు.

ఆరో ఏట అతన్ని తీసేశాం. తీసేశాం అనే మాట కూడా మాకు ఎక్కువే. బీటిల్స్ 1962 ఆగస్టులో డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని తప్పించి రింగో స్టార్‌ని తెచ్చుకున్నప్పుడు, ఆ మాట బెస్ట్‌కి చెప్పింది తోటివాళ్ళు కాదు, మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టైన్. రెండేళ్ళు కలిసి వాయించిన ముగ్గురూ మొహం చాటేశారు. మాకు మేనేజర్ లేడు కాబట్టి ఇంకో దారి కనిపెట్టాం. తర్వాతి జామ్ ఎప్పుడో అతనికి చెప్పలేదు. ఆ తర్వాతిదీ చెప్పలేదు. మూడో వారం అతనొచ్చి గదిలో ఉన్న తన సింబల్స్ విప్పి సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. నేను అక్కడే తీగలు మారుస్తూ ఉన్నాను, తల ఎత్తలేదు.

కొత్త డ్రమ్మర్ వచ్చాడు. చేయి తిరిగినవాడు. మొదటి రోజే ఆ పాట వాయించాం. రెండో కోరస్ దగ్గర వేగం పెరిగింది. మేం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఏమన్నామో చెప్పనా? 'ఈ డ్రమ్మర్లంతా ఇంతే' అన్నాం.

మొదటి డ్రమ్మర్ ఉండగా మేం చేసిన మంచి పని ఒకటుంది, ఆ పాటని రికార్డు చేశాం. స్టూడియోలో కాదు. టియాక్ కంపెనీ 1979లో పోర్టాస్టూడియో అని ఒక యంత్రం తెచ్చింది. మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేయొచ్చు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన 1982 ఆల్బమ్‌ని ఇలాంటి యంత్రం మీదే ఇంట్లో రికార్డు చేశాడని తెలిశాక, ప్రపంచంలోని చిన్న బ్యాండ్లన్నీ మనకిదే చాలనుకున్నాయి. అతని పాటలు అతనే రాసుకున్నాడన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మేం ఒక పాతది సంపాదించి, డ్రమ్స్‌కి రెండు మైకులు కలిపి ఒక ట్రాకు, బేస్‌కి ఒకటి, గిటార్‌కి ఒకటి, గొంతుకి ఒకటి ఇచ్చి, నలుగురం ఒకేసారి వాయించి ఎక్కించాం.

ఆ యంత్రం తర్వాత పాడైపోయింది. క్యాసెట్ మిగిలింది, కానీ అది మామూలు టేప్ రికార్డర్లో పలకదు. మామూలు క్యాసెట్‌కి రెండు వైపులు, వైపుకి రెండు ట్రాకులు. పోర్టాస్టూడియో ఆ నాలుగింటినీ ఒకే వైపుకి వాడుకుంటుంది, పైగా మాది టేపుని రెట్టింపు వేగంతో నడిపేది. మామూలు దాంట్లో వేస్తే రెండు ట్రాకులు సగం వేగంతో మూలుగుతాయి. తిప్పి వేస్తే మిగతా రెండూ వెనక నుంచి ముందుకి వస్తాయి. కాబట్టి ఆ క్యాసెట్ మా గిటారిస్టు బీరువాలో ఏళ్ళ తరబడి మూగగా పడి ఉంది.

ఈలోగా బ్యాండ్లు ఆగిపోయాయి. ఎలా ఆగాయని అడుగుతారు. గొడవలు పడి విడిపోయామంటే వినడానికి బాగుంటుంది, కానీ నిజం కాదు. ఒకరికి బదిలీ అయింది. ఒకరికి పాప పుట్టింది. వారానికి రెండు సాయంత్రాలు ఒకటయ్యాయి, తర్వాత నెలకొకటి. 'వచ్చే నెల కలుద్దాం' అన్న మాటతో ఆఖరి జామ్ ముగిసింది. అదే ఆఖరిదని ఆరోజు ఎవరికీ తెలియదు.

ఇదంతా మా ఒక్కరి కథేమీ కాదు. రూత్ ఫినెగన్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1980ల మొదట్లో మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్టణంలో తిరిగి, అక్కడి ఔత్సాహిక సంగీతకారుల్ని ఏళ్ళ తరబడి గమనించింది. చర్చి గాయక బృందాలు, బ్రాస్ బ్యాండ్లు, రాక్ బ్యాండ్లు, అన్నీ. బయటివాళ్ళ కంటికి ఆనని ఒక పెద్ద లోకం ఆమెకి కనిపించింది. ఈ సంగీత అలవాట్లని ఆమె బాటలు అంది. మనుషులు ఏళ్ళ తరబడి పదేపదే నడవబట్టి ఏర్పడినవి, నడక ఆగితే గడ్డి మొలిచేవి. మా జామ్ రూముకి వెళ్ళే దారి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

చెవుల గురించి ఇక్కడ కుర్రవాళ్ళు కొందరు ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే లెక్క ఇది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటల దాకా ఉండొచ్చు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమైపోతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. మా గది అద్దాలు వణికే గది, మేం ఉండేది మూడు గంటలు. హూ బ్యాండ్ పీట్ టౌన్‌షెండ్ తన చెవుల్లో హోరు గురించి ఏళ్ళ క్రితమే బాహాటంగా చెప్పాడు. ఏసీ/డీసీ గాయకుడు బ్రయాన్ జాన్సన్ 2016లో డాక్టర్లు హెచ్చరించడంతో టూర్ మధ్యలో ఆగిపోయాడు. మేం ఇవన్నీ విన్నాం, పెద్ద స్టార్లకి వచ్చే రోగం మనకెందుకొస్తుందిలే అనుకున్నాం. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు జేబులో పడతాయి. పెట్టుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

రెండేళ్ళ క్రితం మా గిటారిస్టు ఎక్కడో పనిచేసే పోర్టాస్టూడియో ఒకటి పట్టుకున్నాడు. ఆ క్యాసెట్‌ని నాలుగు ట్రాకులుగా కంప్యూటర్లోకి ఎక్కించాడు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి 'ఒకసారి రా' అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

వెళ్ళాను. తెర మీద నాలుగు వరుసలు, ధ్వని గీతలుగా. టేపు పాతదైపోయి వేగం అటూ ఇటూ అయినా, నాలుగు ట్రాకులూ ఒకే టేపు మీద ఉన్నాయి కాబట్టి అందరికీ ఒకేలా అవుతుంది. ఎవరు ఎవరికన్నా ముందున్నారో అందులో అబద్ధం రాదు. మొదటి కోరస్ దగ్గర కిక్ డ్రమ్ గీత, బేస్ గీత ఒకదాని కింద ఒకటి అంటించినట్టు ఉన్నాయి. రెండో కోరస్‌కి రెండు బార్ల, అంటే రెండు తాళం ఆవృత్తాల, ముందు నుంచి బేస్ గీత ఎడమకి, అంటే కిక్ కన్నా ముందుకి, జరగడం మొదలెట్టింది. సెకనులో నాలుగో వంతు కూడా కాదు, అందులో ఆరోవంతు. ఒక్కో బార్‌లో నేను అంత ముందుకి తోస్తున్నాను, తర్వాతి బార్‌లో కిక్ వచ్చి నన్ను అందుకుంటోంది. నేను మళ్ళీ తోస్తున్నాను, అతను మళ్ళీ అందుకుంటున్నాడు. జనం చేతులెత్తే చోటు కదా, నాకు ఆత్రం. అతను వేగం పెంచలేదు. నన్ను వదిలేసి ఉంటే పాట విరిగిపోయేది, అందుకని నా వెంట వచ్చాడు.

మా గిటారిస్టు ఏమీ అనలేదు. నేను మూడుసార్లు వేయించుకుని చూశాను.

మర్నాడు మొదటి డ్రమ్మర్ నంబర్ సంపాదించి ఫోన్ చేశాను. మాట్లాడుకుని పద్దెనిమిదేళ్ళయింది. చెప్పాల్సింది చెప్పాను. 'తెలుసులే' అంటాడని, నవ్వుతాడని లోలోపల ఆశపడ్డాను. నవ్వలేదు. కాసేపాగి అన్నాడు: "నాకు తెలియదు రా. నేనే అనుకున్నాను. ఏడాది పాటు రోజూ రెండు గంటలు మెట్రోనోమ్ ముందు కూర్చున్నాను." ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. ఆ తర్వాత అతను వేరే బ్యాండ్లలో చాలాకాలం వాయించాడట. వేగం విషయంలో అతనికి మంచి పేరట. ఆ పేరు మావల్లే వచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పోయిన ఏడాది మా గాయని కూతురి పెళ్ళికి నలుగురం కలిశాం. ఎవరో బలవంతపెడితే ఆ పాట వాయించాం. చేతులు మొద్దుబారాయి, గాయని ఒక మెట్టు కిందికి దించి పాడింది. ప్లగ్గులు పెట్టుకుని నా పాత చోట్లోనే నిలబడ్డాను, అతని హై హ్యాట్ నా కుడి పక్కన. మొదటి కోరస్ బాగానే గడిచింది. జనం లేచారు. రెండోది వస్తోందని తెలుసు, నిదానం నిదానం అనుకుంటూనే ఉన్నాను, అయినా వేళ్ళు మాట వినలేదు, ముందుకి తోశాయి.

ఈసారి అతను రాలేదు. కిక్ తన చోటే పడింది. నేను ముందు ఒక్కణ్ణీ మిగిలాను, ఒక బార్, రెండు బార్లు. అతని వైపు చూశాను. తల ఎత్తకుండా కొడుతున్నాడు, అదే వేగం. వెనక్కి రావడానికి నాకు ఇంకో రెండు బార్లు పట్టింది.